సంతకం తర్వాత వచ్చిన కోపం

సౌదీ అరేబియాలోని తబూక్‌లో ఒక ఆసుపత్రిలో నేను డయాలసిస్ నర్సుని. మా ఆయన కోల్డ్ స్టోరేజీ మిషన్లు బాగుచేసేవారు. ఊరి బయట పెద్ద పెద్ద తోటలున్నాయి. అక్కడ పండిన కూరగాయలు, పళ్ళు నిలవుంచే గదుల్లో చలి తగ్గిపోతే ఆయనకు ఫోన్ వచ్చేది. ఒక రోజు మధ్యాహ్నం అలాగే ఒక తోటకు వెళ్ళి తిరిగొస్తుండగా, ఎర్రలైటు పడినా ఆగని కూరగాయల ట్రక్కు ఒకటి ఆయన వ్యానును పక్కనుంచి గుద్దింది.

ఆయన్ని తెచ్చింది మా ఆసుపత్రికే. కబురు నాకు చేరేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. నేను వెళ్ళి దుప్పటి తీశాను. నర్సు చూసినట్టే చూశాను. కళ్ళు, మెడ, చేతులు చూసి దుప్పటి మళ్ళీ కప్పాను. అంచు వంకరగా ఉందనిపించి ఇంకోసారి సర్దాను. ఏడుపు రాలేదు. పక్కనున్న ఫిలిప్పీన్స్ నర్సు నా భుజం పట్టుకుని తను ఏడ్చింది. నేనే ఆమెకు టిష్యూ అందించాను.

కాగితాల పనులన్నీ అయ్యాక ఆయన ఉన్న పెట్టెతో పాటు నేనూ ఇంటికి వెళ్ళాను. రేపల్లె దగ్గర అత్తగారి ఊళ్ళో సమాధి చేశాం. సమాధి దగ్గర పాస్టరుగారు నన్ను చూపించి, "ఈ బిడ్డకు దేవుడిచ్చిన సమాధానం చూడండి. కన్నీళ్ళు పెట్టకుండా నిలబడింది" అన్నారు. వచ్చినవాళ్ళంతా తలలూపారు. అది సమాధానం, అంటే మనశ్శాంతి, కాదని నాకొక్కదానికే తెలుసు. పన్ను పీకేముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తే పెదవి ఎలా ఉంటుంది? మనదేనని తెలుస్తుంది గానీ ముట్టుకుంటే ఎవరిదో అనిపిస్తుంది. నాకు ఒళ్ళంతా అలా ఉండేది.

సెలవు అయిపోగానే మళ్ళీ తబూక్ వచ్చేశాను. కాంట్రాక్టు ఇంకా మిగిలుంది, ఇంటి దగ్గర చేసేదీ లేదు. మేమిద్దరం ఉన్న ఫ్లాటు ఖాళీ చేసి ఆసుపత్రి క్వార్టర్సులోకి మారాను. డ్యూటీలో ఇబ్బంది ఉండేది కాదు. సూది ఎక్కడ గుచ్చాలో చేతులకు తెలుసు. మిషను అరిస్తే ఎందుకు అరుస్తుందో చెవులకు తెలుసు. నేను వాటి వెనకాల ఎక్కడో ఉండేదాన్ని.

శుక్రవారం ఉదయం కొన్ని తెలుగు కుటుంబాలు ఒక ఇంట్లో ప్రార్థనకు కూడుకునేవి. ఇక్కడ మా గుడులు, అంటే చర్చీలు, ఉండవు గనక కిటికీ తెరలు వేసుకుని, పాటలు మెల్లగా పాడుకుంటాం. ఆ ఇల్లు నాకంటే పెద్దదైన ఒక తెలుగు నర్సుది. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను. ఆమె భర్త ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, గుంటూరు వైపు మనిషి. వాక్యం చెప్పేది ఆయనే. అందరికీ ఆయన బ్రదర్. చదువుకున్నవారు, ముందు రోజే కూర్చుని తయారయ్యేవారు.

నేను తిరిగొచ్చిన కొత్తలో, ప్రార్థన అయ్యాక వంటింట్లో కప్పులు కడుగుతుంటే అక్క నెమ్మదిగా అంది.

"ఆ ట్రక్కు డ్రైవరు మన తెలుగువాడేనంట. రాయచోటి వైపు సాయిబు. జైల్లో ఉన్నాడంట. వాళ్ళ అన్నకి బజార్లో మొబైల్ షాపుంది. నిన్ను కలవాలని మా ఆయన్ని అడుగుతున్నాడు. నీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పేస్తాం."

"రమ్మనండక్కా" అన్నాను. వద్దనడానికి ఏ కారణమూ తోచలేదు.

ఆ వారంలోనే అతను అక్కావాళ్ళింటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ సంచి. సోఫా చివర కూర్చుని ఆ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"అమ్మా, నేను డబ్బు గురించి రాలేదు. అదంతా ఇన్సూరెన్సోళ్ళు, కోర్టోళ్ళు చూసుకుంటారు. మావాడు తప్పు చేసినాడు, సర్కారు వేసే శిక్ష వాడు పడాల్సిందే. అది కాకుండా ఈ దేశంలో చనిపోయినాయన వారసులకు ఒక హక్కు ఉండాది. మీరూ, మీ అత్తగారూ తనాజుల్ ఇస్తే వాడు బిరీన బయటికొస్తాడు."

తనాజుల్ అంటే మా హక్కు మేము వదులుకుంటున్నామని రాసివ్వడం. ఆ మాట ఇక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. కానీ నా నోటితో అనాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇయ్యమని అడిగేదానికి నాకు మొగం లేదమ్మా. అడక్కపోతే మా అమ్మకు మొగం చూపించలేను" అన్నాడు.

"ఆలోచించుకుని చెప్తానన్నా" అన్నాను.

అతను వెళ్ళిపోయాక అక్కడే కూర్చున్నాను. నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు. లోపల వెతికితే ఇవ్వాలని లేదు, ఇవ్వకూడదని లేదు. ఆ డ్రైవరు మీద జాలి లేదు, కోపం లేదు. అక్క వచ్చి, "ముందు అన్నం తిను" అంటే తిన్నాను.

ఆ చలికాలం బ్రదర్ కొండమీద ప్రసంగం వారానికి కాస్త చొప్పున చెప్తున్నారు. నా సంగతి ముందుపెట్టుకుని మొదలుపెట్టింది కాదది, అంతకుముందే మొదలైంది. ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి కాదు, నెరవేర్చడానికి వచ్చానని ప్రభువు అన్న చోటికి ఆ వారం వచ్చాం. బ్రదర్ మా నర్సులకు అర్థమయ్యేట్టు చెప్పారు.

"ధర్మశాస్త్రం థర్మామీటరు లాంటిది. జ్వరం ఎంతుందో చూపిస్తుంది, తగ్గించదు. ఆనాడు నియమాలు తప్పని పరిసయ్యులు థర్మామీటరునే మందనుకున్నారు. మేము నరహత్య చెయ్యలేదు, మాకు జ్వరం లేదన్నారు. ప్రభువు ఏమన్నాడు? చెయ్యి చంపకపోయినా మనసులో కోపముంటే అదీ ఆ వరసలోదే అన్నాడు. ధర్మశాస్త్రం చేతి దగ్గర ఆగింది. ఆయన గుండెదాకా వెళ్ళాడు. పరిసయ్యుల నీతికంటే మన నీతి ఎక్కువగా ఉండాలంటే అర్థం ఇదే. వాళ్ళది పైపైన, మనది లోపల."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. తర్వాత ఆయన క్షమించని దాసుడి ఉపమానం తీశారు. రాజు తన పెద్ద బాకీ కొట్టేస్తే, బయటికి వెళ్ళి తోటివాడి చిన్న బాకీకి పీక పట్టుకున్న మనిషి కథ. చివర్లో ప్రభువు హృదయపూర్వకంగా క్షమించాలంటాడు. ఆ మాటను బ్రదర్ రెండుసార్లు నొక్కి చెప్పారు. చెప్తూ నావైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించారు, అది నాకు కనిపించింది.

నేను సాధారణంగా ప్రశ్నలు అడిగేదాన్ని కాదు. ఆ రోజు అడిగాను.

"బ్రదర్, హృదయంలో ఏమీ లేకపోతే?"

"ఏమీ లేకపోవడం అంటే, సిస్టర్?"

"కోపం లేదు. క్షమాపణా లేదు. మీరన్న థర్మామీటరు పెట్టి చూసుకుంటున్నాను. ఏమీ చూపించట్లేదు."

ఆయన, "కోపం లోతుగా ఉంటే పైకి తెలియదు సిస్టర్. ప్రార్థన చెయ్యండి, దేవుడు బయటపెడతాడు" అన్నారు. మర్యాదగానే అన్నారు. కానీ ఆ రోజు నుంచి గదిలో చూపులు మారాయి. నా కళ్ళలో నీళ్ళు లేకపోతే ఇంతకుముందు సమాధానం అన్నారు. ఇప్పుడు నేను సంతకం పెట్టకపోతే మనసులో చేదు అంటున్నారు. నా ముఖం మాత్రం రెండుసార్లూ ఒకటే.

తనాజుల్‌కు నా సంతకం ఒక్కటే చాలదు. తల్లి కూడా వారసురాలే గనక ఆమె ఊరి నుంచి వకాలా పంపాలి, అంటే తన తరఫున ఇక్కడ సంతకం చెయ్యడానికి అధికారం రాసివ్వాలి. అత్తయ్యకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య ఊళ్ళో జాకెట్లు కుడుతుంది, ఆడబిడ్డ ఇంటి పక్కనే చిన్న వాటాలో ఉంటుంది.

"తెలుగువాడా?" అంది.

"అవునత్తయ్యా."

"ఆదివారం గుడికెళ్ళొచ్చాక చెప్తాలే అమ్మాయ్."

ఆదివారం ఆమె నాకు ఫోన్ చెయ్యలేదు. ఆడబిడ్డ వాట్సాప్‌లో వీడియో పంపింది. గుడిలో అత్తయ్య తెల్లచీర కట్టుకుని మైకు పట్టుకుని నిలబడి ఉంది. "నా కొడుకుని చంపినవాణ్ణి ప్రభువు పేరట క్షమించాను" అంది. స్త్రీలు ఏడుస్తున్నారు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ వీడియో ఎలా చేరిందో గానీ తబూక్‌కీ చేరింది. శుక్రవారం బ్రదర్ దాన్ని టీవీలో పెట్టి చూపించారు.

"చదువులేని తల్లి. సిలువను అర్థం చేసుకుంది" అన్నారు.

అందరూ ఆమెను చూశాక నన్ను చూశారు. నేను టీవీనే చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య చీర కుచ్చిళ్ళు సరిగ్గా లేవు. ఎప్పుడూ అలా కట్టుకోదు, ఆ ఉదయం చేతులు వణికి ఉంటాయి అనిపించింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

ఆ తర్వాత నేను ఒంటరిగా చదవడం మొదలుపెట్టాను. భక్తితో కాదు, ఏదో మందు ఎంత మోతాదులో ఇవ్వాలో వెనక్కి తిరిగి చూసుకున్నట్టు. ఆసుపత్రి బస్సు క్వార్టర్సు నుంచి వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఆ అధ్యాయాలే మళ్ళీ మళ్ళీ చదివాను. చదవగా ఒక సంగతి కనిపించింది. బ్రదర్ చెప్పినట్టు ప్రభువు గుండెదాకా వెళ్ళిన మాట నిజమే. కానీ అక్కడి నుంచి ఆయన ఇచ్చే ఆజ్ఞలన్నీ కాళ్ళకూ చేతులకూ ఇచ్చినవే. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టు, వెళ్ళు, సోదరుడితో సమాధానపడు, మళ్ళీ వచ్చి అర్పించు. చొక్కా అడిగినవాడికి పైబట్ట కూడా ఇచ్చెయ్. ఒక మైలు నడవమన్నవాడితో రెండు మైళ్ళు నడువు. లోపల ప్రేమ పుట్టేదాకా ఆగి అప్పుడు వెళ్ళమని ఎక్కడా లేదు.

ఇంకో చోట ఇద్దరు కొడుకుల కథ ఉంది. తండ్రి ద్రాక్షతోటలో పనికి వెళ్ళమంటాడు. ఒకడు వెళ్ళనంటాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్తాడు. రెండోవాడు వెళ్తానంటాడు, వెళ్ళడు. ఇద్దరిలో తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవరని ప్రభువు అడుగుతాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఎన్నోసార్లు విన్నదే. ఈసారి నేను ఆ మొదటివాడి దగ్గర ఆగాను. వాడు మనసు మార్చుకున్నాడని ఉంది. ఎలా మార్చుకున్నాడో లేదు. ప్రేమ పొంగి వెళ్ళాడో, విసుక్కుంటూ వెళ్ళాడో, నాలాగా ఏమీ లేకుండా వెళ్ళాడో రాయలేదు. తోటకి వెళ్ళాడు, అంతే. వాడు చేసింది సరిపోయింది.

ఇది సరైన అర్థమో కాదో నాకు తెలియదు. బ్రదర్‌ను అడగలేదు. నాకు నిలబడడానికి అడుగు పెట్టేంత చోటు దొరికింది, దాని మీద నిలబడ్డాను.

మొబైల్ షాపు అన్నకు ఫోన్ చేసి ఏ ఆఫీసుకు రావాలో చెప్పమన్నాను. డ్యూటీ మార్పించుకుని ఒక ఉదయం వెళ్ళాను. అక్క తోడొచ్చింది. అక్కడి ఆఫీసరు అరబ్బీలో ఏదో అడిగాడు. అనువాదం చేసే పాకిస్తానీ హిందీలో చెప్పాడు. మీ మర్జీతోనే ఇస్తున్నారా, ఎవరైనా బలవంతం చేశారా అని.

"నా మర్జీతోనే" అన్నాను.

హృదయపూర్వకంగా ఇస్తున్నావా అని అతను అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. వేలిముద్ర తీసుకున్నారు, సంతకం పెట్టాను. బయట అన్న గోడవారన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తబోయి, మళ్ళీ దించేసి, "మీ అత్తగారిది వస్తే అయిపోతాదమ్మా" అన్నాడు.

అత్తయ్యది రాలేదు. వచ్చే వారం వెళ్తానంది. మోకాలి నొప్పి అంది. కుట్టాల్సిన పెళ్ళి బట్టలున్నాయంది. ఆడబిడ్డను అడిగితే, "నన్ను విసిగించకు వదినా, అమ్మ పేరెత్తితే లేచిపోతోంది" అంది. అటు గుడిలో మాత్రం అత్తయ్యను పక్క ఊరి సభలకు సాక్ష్యం చెప్పడానికి పిలుస్తున్నారట. ఇటు ఆ డ్రైవరు జైల్లోనే ఉన్నాడు. అన్న నన్ను తొందరపెట్టలేదు. రీఛార్జికి షాపుకి వెళ్తే నా ముఖంలోకి ఒకసారి చూసి, కార్డు ఇచ్చి పంపేవాడు.

ఏడాదికోసారి వచ్చే సెలవు రాగానే ఇంటికి వెళ్ళాను. ఊళ్ళో దిగిన మర్నాడు సాయంత్రం అత్తయ్య మిషను ముందు కూర్చుని ఉంది, నేను పక్కనే గుండీలకు దారం ఎక్కిస్తున్నాను. నేను అడగకముందే ఆమె మొదలుపెట్టింది.

"అందరూ నన్నే చూస్తన్నారమ్మాయ్. పాస్టరుగారు మైకు తెచ్చి చేతిలో పెట్టారు. క్షమించానని నోట్లోంచి వచ్చేసింది. అప్పుడు నిజమేననిపించింది కూడా. ఇంటికొచ్చి తలుపేసుకుని చూస్తే ఆ చంపినోడు నా లోపల అట్టాగే కూర్చునున్నాడు."

"మరి సభలకు ఎందుకెళ్తున్నారు?"

"మళ్ళీ మళ్ళీ అంటే నిజమవుద్దేమోనని."

నేను గుండీ కుట్టడం ఆపలేదు. ఆమె నన్నే చూస్తోంది.

"నువ్వు సంతకం పెట్టేశావంటగా. వాడి మీద నీకు కోపం రాలేదా?"

"రావట్లేదత్తయ్యా. ఏదీ రావట్లేదు."

"నీదీ నాదీ కలిపి నాకే వచ్చినట్టుంది" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నా బరువు కూడా తనే మోస్తున్నట్టు అంది.

ఆమెకు ఆ ఇద్దరు కొడుకుల కథ గుర్తుచేశాను. నేను బస్సులో చదివి అనుకున్నదంతా, చక్కగా చెప్పడం రాక ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె విని, మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుంది.

"అయితే ఆ రెండోవాణ్ణి నేనేగా. వెళ్తానని వెళ్ళనోణ్ణి."

"తండ్రి వాణ్ణి ఇంట్లోంచి పొమ్మన్నాడని ఆ కథలో లేదత్తయ్యా" అన్నాను. ఓదార్చాలని అనలేదు. నిజంగానే లేదు, అందుకని అన్నాను.

ఆమె మిషను తొక్కి ఆ జాకెట్టు పూర్తిచేసింది. మర్నాడు నేను లేచేసరికి స్నానం చేసి, మామూలు రంగుచీర కట్టుకుని, ఆధారు కార్డు చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"ఆటోని పిలువు. లోపలోడు లోపలే ఉన్నాడు. వాడెళ్ళేదాకా ఆగితే నేను పోతానేమో. పద" అంది.

నోటరీ దగ్గర కాగితంలో ఏముందో చదివి వినిపించారు. అబ్బాయి పేరు వచ్చినచోట ఆమె పెదవి కొరుక్కుంది. సంతకం పెట్టేటప్పుడు పేరు సగంలో పెన్ను ఆగిపోయింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకోలేదు, పట్టుకుంటే నేను రాయించినట్టవుతుందని. ఆమే మిగతా సగం రాసింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. నేను పక్కన కూర్చుని గొడుగు పట్టుకున్నాను. ఆ తర్వాత ఆమె సభలకు వెళ్ళడం మానేసింది. ఎవరైనా అడిగితే, "నాకింకా పూర్తిగా రాలేదండి" అనేదని ఆడబిడ్డ చెప్పింది.

ఆ కాగితం ఢిల్లీలో ముద్రలు వేయించుకుని తబూక్ చేరింది. ఇక్కడి పనులు కూడా అయ్యాక ఆ డ్రైవర్ని విడిచిపెట్టారు. విడిచిపెట్టడం అంటే జైలు నుంచి నేరుగా మన దేశం పంపించెయ్యడమే. నేను అతన్ని చూడలేదు. పంపించే ముందు రోజు అన్న షాపు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, మావాడు లైన్లో ఉండాడు, ఒక మాట మాట్లాడతాడంట" అన్నాడు. సరే అన్నాను.

"అమ్మా, మీకేం చెప్పల్లో తెలీడం లేదమ్మా" అన్నాడు. చిన్న గొంతు. నేననుకున్నదానికంటే వయసులో చిన్నవాడిలా ఉన్నాడు.

"నాకూ తెలీదు" అన్నాను.

"ఎర్రలైటు చూసినానా లేదా అని ఈ పొద్దుటిదాకా గుర్తు తెచ్చుకుంటానే ఉండాను. గుర్తుకు రాదు."

"ఆరోగ్యం చూసుకో" అని పెట్టేశాను. రోగి డిశ్చార్జి అయ్యేటప్పుడు అనే మాట అది. నోటికి అదే వచ్చింది.

శుక్రవారం బ్రదర్ ప్రార్థనలో నా పేరు చెప్పి దేవునికి స్తోత్రం చెప్పారు. అందరూ నన్ను కౌగిలించుకున్నారు. సాక్ష్యం చెప్పమన్నారు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదన్నాను. అది వినయం అనుకున్నారు.

తర్వాత ఏడాది దాకా నెలలన్నీ ఒకేలా జరిగిపోయాయి. డ్యూటీ, బస్సు, క్వార్టర్సు, శుక్రవారం. ఎండలు ముదిరి తగ్గాయి. తోటల నుంచి పీచ్ పళ్ళు వచ్చి అయిపోయాయి. సంతకం పెట్టినందుకు మంచిగానూ లేదు, చెడ్డగానూ లేదు. ఆ కథలో మొదటి కొడుకు సాయంత్రం తోట నుంచి ఇంటికొచ్చి ఏం చేశాడో కూడా రాయలేదు. నాలాగే కాళ్ళు కడుక్కుని పడుకున్నాడేమో అనుకునేదాన్ని.

ఒక రోజు రీఛార్జి కోసం షాపుకి వెళ్ళాను. అన్న నన్ను చూడగానే లోపలికి వెళ్ళి ఒక స్వీట్ల డబ్బా తెచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. నన్ను చూశాక కొంచెం తడబడ్డాడు, కానీ అప్పటికే డబ్బా చేతిలో ఉంది.

"తీపి తీసుకోండమ్మా. తమ్మునికి కూతురు పుట్టినాది. మీ దయ."

డబ్బా అందుకున్నాను. నాకు పిల్లలు లేరు. ఆ యాక్సిడెంటు అయిన ఏడే, సెలవుకి వెళ్ళినప్పుడు గుంటూరులో మంచి డాక్టరుకి చూపించుకుందామని మా ఆయనా నేనూ అనుకున్నాం. ఆ సంగతి అన్నకు తెలియదు, తెలిసే వీలూ లేదు. నేను డబ్బా మూత మీద ఉన్న పువ్వుల బొమ్మ చూస్తూ నిలబడ్డాను. అప్పుడు పాదాల దగ్గర మొదలై ఏదో పైకి రావడం తెలిసింది. ముందు వేడి చేసిందనుకున్నాను, షాపులో ఏసీ ఆగిపోయిందనుకున్నాను.

"తీసేసుకోండి ఇది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అమ్మా..."

"ఎట్లా తెచ్చారు నా దగ్గరికి? నాకిస్తారా ఇది? వాడికి కూతురా?"

డబ్బా కౌంటరు మీద పెట్టాను. పెట్టానో విసిరానో, లోపలి లడ్డూలు రెండు కిందపడ్డాయి. షాపులో ఉన్న బంగ్లాదేశీ కుర్రాళ్ళు వెనక్కి జరిగారు. అన్న తల దించుకుని నిలబడ్డాడు. నేను రోడ్డు మీదికొచ్చి ఎటు నడుస్తున్నానో చూడకుండా నడిచాను. ఎర్రలైటు దగ్గర ఆగిన కార్లను చూసి, ఇంతమంది ఆగగలుగుతున్నారే, వాడొక్కడు ఎందుకు ఆగలేకపోయాడు అని పైకే అన్నాను. తెలుగులోనే అన్నాను. గుర్తుకు రాదట. గుర్తుకు రాకపోతే ఎట్లా? నా మనిషిని చంపి గుర్తుకు రాకపోతే ఎట్లా?

క్వార్టర్సుకి చేరి తలుపేసుకున్నాక ఏడుపు వచ్చింది. వస్తూనే ఉంది. ఆ దుప్పటి కింద ఆయన చేతి గడియారం ఇంకా నడుస్తూ ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు చూసి కూడా నేను చూడలేదు.

మర్నాడు అత్తయ్యకు ఫోన్ చేశాను. "వచ్చిందత్తయ్యా" అన్నాను. ఏమొచ్చిందని ఆమె అడగలేదు. "రానీ" అంది. "నాది కొంచెం తగ్గింది. నీది నువ్వు తీసుకున్నావు మరి" అని కాస్త నవ్వింది. పోయిన కొడుకు గురించి మేమిద్దరం అంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ శుక్రవారం బ్రదర్‌ని నేనే అడిగాను, కోపం గురించి ప్రభువు చెప్పిన ఆ భాగం మళ్ళీ చదవమని. ఎందుకని అడగకుండా చదివారు. నరహత్య చేసినవాడూ, కోపపడినవాడూ ఒకే తీర్పు ముందు నిలబడే ఆ వాక్యాలు ఈసారి నాకు నేరుగా తగిలాయి. ఇన్నాళ్ళూ అందులో డ్రైవరు ఒకవైపున్నాడు, నేను ఇంకెక్కడో ఉన్నాను. ఇప్పుడు ఆ బోనులో అతని పక్కన నేనూ ఉన్నాను, లడ్డూలు విసిరేసిన చేతులతో. నాకు అది అవమానంగా అనిపించలేదు. చాలా రోజుల తర్వాత మనుషుల్లోకి వచ్చినట్టు అనిపించింది.

ప్రార్థన అయ్యాక షాపులో జరిగింది అక్కకూ బ్రదర్‌కీ చెప్పాను. బ్రదర్ కళ్ళద్దాలు సరిచేసుకుంటూ, "మీరు క్షమించేసి ముగించారని అందరికీ చెప్పాను సిస్టర్. తొందరపడ్డాను" అన్నారు.

"సంతకమైతే అప్పుడే పెట్టాను బ్రదర్. క్షమించడానికి చేతిలో ఏదైనా ఉండాలిగా. ఇప్పుడు వచ్చింది" అన్నాను.

ఆయన దానికి వాక్యం ఏదీ చూపించలేదు. అక్క నాకు అన్నం వడ్డించింది.

సంతకాన్ని వెనక్కి తీసుకోవాలని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. కోపం రోజూ వచ్చేది కాదు. వచ్చినప్పుడు మిషన్ల మధ్య నిలబడి, ఇతన్ని విడిచిపెట్టాను, విడిచిపెట్టాను అనుకునేదాన్ని. ఒక్కోసారి ఆ మాటకు లోపల ఏదో సడలేది, ఒక్కోసారి ఏమీ సడలేది కాదు. నీతి అంటే నాకు తెలిసినంతలో అంతే. దేవుడి లెక్కలో అది ఎంతో నేను చెప్పలేను.

కొన్ని వారాలు రీఛార్జి వేరే షాపులో చేయించుకున్నాను. తర్వాత ఒక సాయంత్రం, డ్యూటీ దిగి, బజారు దగ్గర బస్సాపించుకుని దిగాను. అన్న కౌంటరు వెనకాల ఎవరిదో ఫోను విప్పి చూస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది.

"కూర్చోండన్నా" అన్నాను. ఏం అడగాలో దారంతా అనుకుంటూ వచ్చాను గానీ, అక్కడికొచ్చాక అదంతా పోయింది. "పాప ఎట్లా ఉంది?" అన్నాను.

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"బాగుండాదమ్మా. పాలు సరిగ్గా తాగదంట, తాగిందంతా కక్కేస్తాదంట. మా అమ్మ ఒకటే గాబరా పడతాది."

"తాగించాక భుజం మీద వేసుకుని వీపు నిమరమనండి. త్రేన్పు వచ్చేదాకా పడుకోబెట్టొద్దు" అన్నాను.

"చెప్తానమ్మా" అన్నాడు. అప్పుడే, నేను అక్కడుండగానే, ఇంటికి ఫోన్ చేశాడు.